ఉత్త గోలీయో, మందు గోలీయో

గాలి పీల్చండి.

సగంలోనే ఆగిపోయింది కదా? ఛాతీ ఇంకా నిండలేదు. అయినా లోపల చోటు లేదు. మళ్లీ పీలుస్తారు. ఈసారి దగ్గు తన్నుకొస్తుంది. పొడి దగ్గు. కళ్లె పడదు, దగ్గు ఆగదు.

మీరు కేసముద్రం మార్కెట్ యార్డులో ఉన్నారు. షెడ్డు కింద మక్కల కుప్పలు, అవతల మిర్చి బస్తాలు, కాంటాల దగ్గర హమాలీల కేకలు. ఏళ్ల తరబడి ఇదే యార్డుకు సరుకు తెస్తున్నారు. పోయినేడాది దాకా బస్తా దించేటప్పుడు మీరూ ఓ చెయ్యి వేసేవారు. ఇవాళ ఆటో దిగి షెడ్డు దాకా నడిచేసరికే సిమెంటు దిమ్మె మీద కూలబడ్డారు. హమాలీ కుర్రాడొకడు నవ్వుతాడు.

"ఏంది కాకా, గింతకే ఆయాసమా?"

మీరూ నవ్వబోతారు. నవ్వడానికీ గాలి కావాలి.

అరవై దాటిన చేతులు మీవి. ఒకసారి వేళ్లు చూసుకోండి. కొనలు ఉబ్బాయి, గోళ్లు గుండ్రంగా కిందికి వంగాయి. మొదట టీబీ అనుకున్నారు. కళ్లె పరీక్షలో ఏమీ లేదు. తర్వాత ఉబ్బసం అన్నారు. పీల్చే మందు వాడినా తగ్గలేదు. చివరికి వరంగల్‌లో ఒక డాక్టరు మీ వీపు కింది భాగాన స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నాడు. బీపీ పట్టీ ఊడదీస్తే వచ్చే చరచర చప్పుడు, మీరు గాలి పీల్చిన ప్రతిసారీ అక్కడ వినిపిస్తోందట. సీటీ తీయించి హైదరాబాద్ పొమ్మన్నాడు. అక్కడ పేరు పెట్టారు: ఐపీఎఫ్. ఊపిరితిత్తులు మచ్చలు కట్టి గట్టిపడే జబ్బు.

జేబులో ఫోన్ మోగుతుంది.

"నమస్తే సార్, ఆసుపత్రి నుంచి. కొత్త మందు ట్రయల్ సంగతి డాక్టరు గారు చెప్పారు కదా. శుక్రవారం రాగలరా? పాత ఫిల్ములు, మందు చీటీలు అన్నీ తెచ్చుకోండి. ఇంకొకరు తోడు ఉంటే మంచిది."

సరే అంటారు. అసలు పేచీ ఇంట్లో మొదలవుతుంది.

"మన మీదనే ప్రయోగాలు జేస్తరా?" మీ ఇంటావిడ పళ్లెం కింద పెట్టేసింది. "ఖమ్మంల ఆడపిల్లలకు ఏమైందో మర్చిపోయినవా?"

ఆ భయం ఊరికే పుట్టలేదు. మీ స్టేషన్లో రైలెక్కి డోర్నకల్ దాటితే ఖమ్మం. 2009లో ఆ జిల్లాలో పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేసే ప్రాజెక్టు నడిచింది. వాళ్లలో చాలామంది హాస్టళ్లలో చదువుకునే గిరిజన పిల్లలు. కొందరు చనిపోయారన్న వార్తలతో 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపేశారు. ఆ చావులకు టీకాతో సంబంధం కనపడలేదని విచారణ సంఘం చెప్పింది. కానీ ఇంకో సంగతి బయటపడింది. తల్లిదండ్రులు పెట్టాల్సిన చోట హాస్టల్ వార్డెన్లు, హెడ్‌మాస్టర్లు సంతకాలు పెట్టేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని కడిగి పారేసింది.

కాబట్టి ఇంటావిడతో వాదించకండి. ఆమెనే తోడు తీసుకెళ్లండి.

శుక్రవారం. హైదరాబాద్. ఏసీ గది. మీ సీటీ బొమ్మ కంప్యూటర్ మీద వెలుగుతోంది. నల్లగా ఉండాల్సిన ఊపిరితిత్తుల అడుగున తెల్లటి గీతలు, గీతల మధ్య చిన్న చిన్న గదులు.

"గాయం మానితే మచ్చ పడుతుంది పెద్దాయనా," అంటుంది డాక్టరమ్మ. "మచ్చ సాగదు. మీ లోపల అలాంటి మచ్చలే పేరుకున్నాయి. అవి ఉన్నచోట ఊపిరితిత్తి విచ్చుకోదు, గాలిలోని ఆక్సిజన్ రక్తంలోకి దిగదు."

తర్వాత ఆమె అడిగే ప్రశ్నలు మీకు వింతగా తోస్తాయి. ఇంట్లో పావురాలున్నాయా? రాళ్ల క్వారీలో పని చేశారా? బూజు పట్టిన గడ్డి, గింజలు తిరగేస్తారా? కూలర్ వాడతారా? దాని గడ్డి ఎప్పుడు మార్చారు?

కూలర్ గడ్డికీ ఊపిరితిత్తికీ ఏమిటి సంబంధం?

ఉంది. మన దేశంలోని 27 ఆసుపత్రులు కలిసి ఇలాంటి జబ్బులున్న 1,084 మంది వివరాలు రాసిపెట్టాయి. 2017లో ఆ లెక్కలు అచ్చయ్యాయి. దాదాపు సగం మందికి, అంటే 47 శాతానికి, జబ్బు రావడానికి కారణం పీల్చిన గాలిలోని బూజు, రెట్టల దుమ్ములాంటివే. ఆ సగంలో మళ్లీ సగం మంది ఇళ్లలో ఎయిర్ కూలర్లు ఉన్నాయి. తడిసి ముద్దయిన గడ్డికి బూజు పడుతుంది. ఫ్యాను ఆ బూజును రాత్రంతా మీ ముఖాన కొడుతుంది. అలాంటి కారణం దొరికితే వైద్యం దారి వేరు. మీ విషయంలో వెతికారు, దొరకలేదు. ఏ కారణమూ దొరకనిదే ఐపీఎఫ్.

"మందు లేదా?" అడుగుతుంది మీ ఇంటావిడ.

రెండున్నాయి. పిర్ఫెనిడోన్, నింటెడానిబ్. అమెరికా ఔషధ సంస్థ రెండింటికీ ఒకే రోజు, 2014 అక్టోబరు 15న అనుమతినిచ్చింది. మీరు ఇప్పుడు వాడుతున్నది వాటిలో ఒకటే. అవి పడ్డ మచ్చను చెరపవు. కొత్త మచ్చ పడే వేగాన్ని తగ్గిస్తాయి, అంతే. వైద్యం లేకపోతే జబ్బు బయటపడ్డాక సగం మంది మూడు నుంచి ఐదేళ్లకు మించి బతకరని ఆమె దాచకుండా చెబుతుంది.

గది చల్లగానే ఉంది. మీకు చెమట పడుతోంది.

ఇప్పుడు పక్క గది. ముక్కుకు క్లిప్పు. నోట్లో గొట్టం. ఎదురుగా తెర.

"పీల్చండి, పీల్చండి, పీల్చండి... ఊదండి! ఆపొద్దు! ఇంకా! ఇంకా! ఇంకా!"

కళ్ల ముందు చుక్కలు. మెడ నరాలు తేలాయి. లోపల ఏమీ మిగల్లేదు. అయినా టెక్నీషియన్ "ఇంకా" అంటూనే ఉన్నాడు. తెర మీద గీత పైకి లేచి అడ్డంగా సాగింది. 1.9 లీటర్లు. మీరు ఒక్క ఊపులో బయటికి వదలగలిగిన గాలి అంతే. ఇలా కనీసం మూడుసార్లు ఊదాలి.

ఈ ఒక్క అంకె చుట్టే ట్రయల్ అంతా తిరుగుతుంది. మందు వాడని ఐపీఎఫ్ రోగి ఊపిరిలో ఏడాదికి రెండు వందల మిల్లీలీటర్లకు పైగానే తగ్గిపోతుంది. నింటెడానిబ్‌ను పరీక్షించిన రెండు పెద్ద ట్రయల్స్‌లో 1,066 మంది పాల్గొన్నారు. మొదటిదానిలో మందు లేని ఉత్త గోలీ మింగినవాళ్లకు ఏడాదిలో 240 మిల్లీలీటర్లు తగ్గితే, మందు మింగినవాళ్లకు 115 తగ్గింది. మందు గెలిచినట్టు లెక్క. గెలిచినా తరుగుదల ఆగలేదు, చూశారా? అందుకే ఇంకో మందు కావాలి.

"మరి ఆ కొత్త గోలీ నాకిచ్చెయ్యండి," అంటారు మీరు.

"ఇవ్వలేను. కంప్యూటర్ చీటీ తీస్తుంది. మీకు మందు గోలీ రావచ్చు, ఉత్త గోలీ రావచ్చు. రంగు, సైజు, రుచి అన్నీ ఒకటే. ఏది వచ్చిందో మీకు తెలీదు. నాకూ తెలీదు."

మీకు కోపం వస్తుంది. ప్రాణం పోతుంటే చీటీలాటా? ఆ కోపాన్ని దాచుకోకండి. అడగండి. "నీకు మంచిదనిపించిందే ఇవ్వొచ్చు కదమ్మా?"

డాక్టరమ్మ కుర్చీ ముందుకు జరుపుకుంటుంది.

"మంచిదనుకున్నదే ఒకప్పుడు ఇచ్చాం. ప్రెడ్నిసోన్, అజాథయోప్రిన్, ఎన్-అసిటైల్‌సిస్టీన్. మూడూ కలిపి. ప్రపంచమంతా పెద్ద డాక్టర్లు ఇదే రాసేవాళ్లు. అమెరికాలో దాన్ని ఉత్త గోలీ పక్కన పెట్టి చూశారు. మూడు మందులు వాడిన 77 మందిలో ఎనిమిది మంది పోయారు. ఉత్త గోలీ మింగిన 78 మందిలో ఒక్కరు. 2011లో ఆ మందుల కూటమిని మధ్యలోనే ఆపేశారు."

గదిలో ఎవరూ మాట్లాడరు. ఎన్నేళ్లుగా, ఎన్ని దేశాల్లో, ఎంతమంది ఆ మూడు మందులు మింగారు? మంచి డాక్టర్లే రాశారు. మంచి మనసుతోనే రాశారు. ఉత్త గోలీతో పోల్చి చూసేదాకా హాని ఎవరి కంటా పడలేదు.

మీ ఇంటావిడ మెల్లగా అడుగుతుంది. "కొత్తయి ఏమన్న గెలిచినయా మరి?"

కొన్ని గెలిచాయి, చాలా ఓడాయి. పామ్రెవ్లుమాబ్ మీద ఎన్నో ఆశలు పెట్టుకున్నారు. 2023లో చివరి దశలో చతికిలబడింది. బెక్సోటెగ్రాస్ట్ ట్రయల్‌ను 2025 ఫిబ్రవరిలో స్వతంత్ర నిపుణుల సంఘం సలహా మీద నిలిపేశారు. అదే ఏడాది నెరండోమిలాస్ట్ గట్టెక్కింది. 1,177 మంది మీద 52 వారాలు చూశారు. ఉత్త గోలీ వాళ్లకు 183 మిల్లీలీటర్లు తగ్గితే, పెద్ద మోతాదు తీసుకున్నవాళ్లకు 115 తగ్గింది. తేడా పావు లీటరులో నాలుగో వంతు కన్నా కొంచెం ఎక్కువ. ఆ కొంచెం కోసమే అంతమంది ఏడాది పాటు గొట్టాల్లోకి ఊదారు. 2025 అక్టోబరులో అమెరికా అనుమతి వచ్చింది. అయితే ఆ పెద్ద మోతాదుతో వందలో నలభై ఒక్క మందికి విరేచనాలు పట్టుకున్నాయి. ఉత్త గోలీతో పదహారు మందికి.

ఇప్పుడు కాగితాలు. తెలుగులోనే ఉన్నాయి. దండిగా ఉన్నాయి. మూలన వీడియో కెమెరా మీద ఎర్ర దీపం వెలిగింది. పూర్తిగా కొత్త మందు, రోగి నిస్సహాయ స్థితిలో ఉన్నవాడు అయినప్పుడు ఈ సంభాషణంతా రికార్డు కావాలని మన 2019 నాటి క్లినికల్ ట్రయల్స్ నియమాలు చెబుతున్నాయి. చదవడం రానివాళ్లకు ట్రయల్‌తో సంబంధం లేని సాక్షి ఒకరు పక్కన ఉండాలి.

పేజీలు తిరగేస్తున్నారు. పేరు. వయసు. చిరునామా. చదువు. వృత్తి. ఏడాది ఆదాయం. తర్వాత ఒక గీత దగ్గర మీ పెన్ను ఆగుతుంది.

నామినీ పేరు, చిరునామా, రోగికి ఏమవుతారు. బ్రాకెట్లో కారణం కూడా రాశారు: ట్రయల్ వల్ల మరణం సంభవిస్తే నష్టపరిహారం కోసం.

మీరు పక్కకు చూస్తారు. ఆమె మీ చేతి వంకే చూస్తోంది.

ఇక్కడ ఆగండి. ఎవరూ తొందర పెట్టకూడదు. ఇంటికి తీసుకెళ్లి చదువుకుంటానంటే కాదనకూడదు. కాగితంలో ఇంకో వాక్యం ఉంటుంది, వేలు పెట్టి వెతకండి: ఎప్పుడైనా, కారణం చెప్పకుండా తప్పుకోవచ్చు, తప్పుకున్నా మీ మామూలు వైద్యానికి, మీ చట్టపరమైన హక్కులకు భంగం ఉండదు. ఉందా? ఉంది. ఇప్పుడు వాడుతున్న మందు మానేయాలా? అక్కర్లేదు, దాని మీదే కొత్త గోలీ. దారి ఖర్చులు? ఇస్తారు. ఏమన్నా అయితే? వైద్యం ఉచితం.

మీరు సంతకం పెడతారు. ఒక కాపీ మీ చేతికి ఇస్తారు. అది మీ హక్కు. దాంతోపాటు జేబులో పట్టే చిన్న కార్డు. దాని మీద ట్రయల్ పేరు, ఇరవై నాలుగు గంటలూ పలికే ఫోన్ నంబరు.

కేసముద్రం. పొద్దున ఒక గోలీ, రాత్రి ఒక గోలీ. డైరీలో టిక్కు. కొన్ని వారాలకు కడుపు కదిలిపోతుంది. రోజుకు నాలుగుసార్లు, ఐదుసార్లు. పొలానికి పోలేరు, బస్సెక్కలేరు. అంటే మీకు మందు గోలీయే వచ్చిందా? ఆశ పుడుతుంది. నెరండోమిలాస్ట్ ట్రయల్‌లో ఉత్త గోలీకీ వందలో పదహారు మందికి కడుపు కదిలిందని గుర్తొస్తుంది. ఆశ సగానికి పడిపోతుంది.

పెళ్లిళ్ల వారం. మూడు రోజులు గోలీలు మానేస్తారు. డైరీలో మాత్రం టిక్కులు పెడతారు. మిగిలిన గోలీలు డబ్బాలో గలగలలాడుతున్నాయి. రేపు ఆసుపత్రికి పోవాలి. పెరట్లోకి వచ్చి మూత తీశారు. చెత్తకుప్పలో వేసేస్తే ఎవరికీ తెలియదు.

వేస్తారా?

రేపు ఏం జరుగుతుందో చూడండి. ట్రయల్ కోఆర్డినేటర్ అమ్మాయి మీ డబ్బాను పళ్లెంలోకి బోర్లిస్తుంది. పలకలాంటి చిన్న ప్లాస్టిక్ ముక్కతో ఐదేసి చొప్పున పక్కకు నెడుతుంది. పెదవులు కదులుతూ లెక్కపెడుతుంది. ఆరు ఎక్కువున్నాయి. తలెత్తి చూస్తుంది. తిట్టదు. "ఎందుకు మానేశారు సార్?" అని మాత్రం అడుగుతుంది. కడుపు సంగతి చెబుతారు. రాసుకుంటుంది. డాక్టరమ్మ వచ్చి విరేచనాలకు మందు రాస్తుంది. ఆ ఆరు గోలీలూ చెత్తకుప్పలో పడి ఉంటే ఈ మందు కడుపును ఎంత బాధపెడుతుందో కాగితం మీదికి ఎక్కేది కాదు. రేపు వేలమంది ఆ కాగితాన్ని నమ్మి మింగేవాళ్లు.

వానాకాలం వచ్చింది. జలుబు. మామూలు జలుబే అనుకున్నారు.

రెండో రోజు జ్వరం. మూడో రోజు మంచం దిగి బాత్రూం దాకా పోలేకపోయారు. వేలికి ఆక్సీమీటర్ పెట్టుకున్నారు. 89. నిన్న 94 ఉంది.

రాత్రి పదకొండు. బయట కుండపోత. మీ ఇంటావిడ వీధి చివర ఉండే ఆర్‌ఎంపీని లేపుకొచ్చింది.

"ఊపిరితిత్తులల్ల నిమ్ము చేరింది. స్టెరాయిడ్ సూది ఏస్త. పొద్దటికి లేచి కూసుంటవు."

సూది రెడీ చేస్తున్నాడు. 86.

మీకు కార్డు గుర్తొస్తుంది. చొక్కా జేబులో ఉంది. చొక్కా దండెం మీద ఉంది. మంచానికీ దండేనికీ ఆరడుగులు.

చెయ్యి ఊపుతారు. మాట రాదు. ఆమెకు అర్థమైంది. కార్డు తెచ్చింది. నంబరు కొట్టింది. మోగుతోంది. మోగుతోంది.

"హలో, చెప్పండి."

ఆమె చెబుతుంది. జ్వరం. ఆయాసం. 86.

"ఇంట్లో సూది వద్దమ్మా. ముందు ఆక్సిజన్ కావాలి. వెంటనే 108కి చేయండి. దగ్గర్లో ఏది?"

"మానుకోట. లేకుంటే వరంగల్."

"ఆక్సిజన్ ఎక్కించుకుని వరంగల్ వెళ్లండి. కార్డు, వాడే గోలీలు, పాత చీటీలు వెంట ఉండాలి. అక్కడి డాక్టరుతో నేను మాట్లాడతాను."

రైలు? వద్దు. 2024 సెప్టెంబరు 1న ఇలాంటి వానకే ఇంటికన్నె, కేసముద్రం మధ్య పట్టాల కింది కట్ట కొట్టుకుపోయింది. రైళ్లు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. రోడ్డే దిక్కు.

83.

పెదాలు నీలం. కూర్చోలేరు. పడుకోలేరు.

సైరన్.

ముఖానికి మాస్కు. చల్లటి గాలి. పీల్చండి. సగం. మళ్లీ. సగం. ఎవరో చెయ్యి పట్టుకున్నారు. ఆమే. పీల్చండి. 85. నెక్కొండ దాటింది. 88. కళ్లు మూయకండి. పీల్చండి.

90.

వరంగల్. పడక. సెలైన్. ఎక్స్‌రే. డాక్టర్లు భయపడుతున్నది ఒకదాని గురించి. ఈ జబ్బులో ఒక్కోసారి మచ్చలు ఉన్నట్టుండి రేగి, రోజుల్లో ఊపిరితిత్తులను కమ్మేస్తాయి. అలా రేగి ఆసుపత్రిలో చేరినవాళ్లలో సగం మంది దాకా ఇంటికి తిరిగి రారు. మీది అది కాదు. న్యుమోనియా. యాంటీబయాటిక్ పనిచేసింది. నాలుగో రోజుకు మాస్కు తీసి ముక్కు గొట్టం పెట్టారు.

ఈలోగా మీకు కనిపించని పని ఒకటి జరిగింది. మీరు ఆసుపత్రిలో చేరిన ఇరవై నాలుగు గంటల్లోపు ట్రయల్ డాక్టరు ఔషధ నియంత్రణ అధికారికి, మందు కంపెనీకి, ఆసుపత్రి నైతిక సంఘానికి నివేదిక పంపాలి. పంపింది. ఇది మందు వల్ల వచ్చిందా, జబ్బు వల్లనా, ఊళ్లో తిరిగే జలుబు వల్లనా అని వాళ్లు తేల్చాలి.

"ఇప్పుడన్నా చెప్పమ్మా," అంటారు ఫోన్లో. "నాకొచ్చింది ఏ గోలీ?"

"కోడ్ విప్పొచ్చు. అది తెలిస్తేనే మీ వైద్యం మారుతుందనుకుంటే ఈ క్షణమే విప్పుతాను. మందైనా, ఉత్తదైనా న్యుమోనియాకు ఇచ్చేది ఇదే యాంటీబయాటిక్. అందుకే విప్పలేదు."

డిశ్చార్జి అయ్యారు. ఇప్పుడు నిర్ణయం మీది. మూడు దారులున్నాయి. గోలీలు మళ్లీ మొదలుపెట్టవచ్చు. పూర్తిగా తప్పుకోవచ్చు. లేదా గోలీలు ఆపేసి, ఊదే పరీక్షలకు మాత్రం వెళ్తూ ఉండవచ్చు. మూడో దారి చాలామందికి తెలియదు, అడిగితేనే చెబుతారు. గోలీ మానినవాళ్లందరూ లెక్కలోంచి జారిపోతే, తట్టుకున్నవాళ్ల అంకెలే మిగులుతాయి. మందు ఉన్నదానికంటే మంచిదిగా కనిపిస్తుంది.

మీరు ఏ దారి పట్టినా తప్పు కాదు.

ట్రయల్‌లో చేరడం త్యాగమూ కాదు, మోసపోవడమూ కాదు. అందులో మీకు లాభం ఉంటుందన్న హామీ లేదు, ఉందని చెప్పినవాణ్ని నమ్మకండి. అయితే ఆ మూడు మందుల కూటమి చంపుతోందని తెలిసింది కూడా, ఏ గోలీ మింగుతున్నారో తెలియకుండా మింగడానికి 155 మంది ఒప్పుకోబట్టే. అందుకు బదులుగా వాళ్లకు దక్కాల్సింది పూర్తి నిజం. ఖమ్మంలో కరువైంది అదే.

మీ ఇంట్లో ఎవరికైనా నెలల తరబడి పొడి దగ్గు, మెట్లెక్కితే ఆయాసం ఉండి, టీబీ పరీక్షలో ఏమీ తేలకపోతే, వీపు కింది భాగాన స్టెతస్కోపు పెట్టి వినమని డాక్టరును అడగండి. కూలర్ గడ్డి మార్చండి. ట్రయల్ అంటూ ఎవరైనా కాగితం చాపితే నాలుగు అడగండి: నేను ఉత్త గోలీ మింగే అవకాశం ఎంత? ఇప్పటి మందు ఆగుతుందా? అర్ధరాత్రి ఏ నంబరుకు చేయాలి? నాకు ఏమన్నా అయితే ఖర్చు ఎవరిది? మన దేశంలో జరిగే ప్రతి ఔషధ ట్రయల్‌ను, మొదటి రోగిని చేర్చుకునే ముందే, సీటీఆర్ఐ అనే ప్రభుత్వ రిజిస్ట్రీలో నమోదు చేయాలి. ఆ నంబరు అడిగి తీసుకుని, చదువుకున్న పిల్లల చేత ఫోన్లో చూపించుకోండి. పైసా ఖర్చు లేదు. నంబరు చెప్పలేకపోతే సంతకం పెట్టకండి.